బస్తీ సంఘం ఎట్లా నడవాలి?



మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, హఫీజ్‌పేట. ఈ పేర్లు మనకు బాగా తెలుసు. 1998 నవంబర్ 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే భవనాన్ని అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి ప్రారంభించారు. అక్కడి నుంచి హైటెక్ సిటీ పెరిగింది. ఆఫీసులు వచ్చాయి. అపార్ట్‌మెంట్లు వచ్చాయి. వాటిని కట్టినవాళ్ళు, వాటిలో వంట చేసేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు, గేటు కాసేవాళ్ళు ఎక్కడుండాలి? బస్తీలూ పెరిగాయి. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు ఇప్పుడు ఒకే గల్లీలో ఉంటున్నారు.

నల్లా నీళ్ళు వారం రోజులు రాకపోతే ఎవరు అడగాలి? మోరీ నిండి ఇంట్లోకి వస్తే ఎవరు ఆఫీసుకు పోవాలి? ఒక్కరే పోతే "రేపు రామ్మా" అంటారు. బస్తీ అంతా కలిసి ఒక కాగితం మీద దస్తకతులు చేసి తీసుకుపోతే మాట వేరు. ఆ కాగితం తీసుకుంటారు. నకలు మీద ముద్ర వేసి ఇస్తారు. అందుకే సంఘం.

"మా బస్తీలో సంఘం ఉంది. బోర్డు కూడా ఉంది" అంటారు మీలో కొందరు. మంచిదే. ఆ సంఘం ఎవరిది? అడిగి చూడండి. "ఫలానా ఆయన సంఘం" అని ఒక మనిషి పేరు చెబుతారు. చిక్కంతా ఇక్కడే ఉంది. సంఘానికి మనిషి పేరు వచ్చిందంటే అక్కడ నియమాలు లేవన్నమాట. లేదా నియమాలు ఉన్నా, అవి ఎవరూ చదవని పుస్తకంలో ఉన్నాయన్నమాట. ఆ పుస్తకం ఒక ఇంట్లో, బీరువాలో ఉంటుంది.

ఇప్పుడు మీకు చదవడం వచ్చింది. ఆ పుస్తకం తెప్పించి చదవవచ్చు. అందులో ఏం ఉండాలో తెలుసుకుందాం.

పాత ముచ్చట ఒకటి

బస్తీ సంఘం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1967లో హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ ఒక పథకం మొదలుపెట్టింది. దాని పేరు పట్టణ సమాజ అభివృద్ధి పథకం. ఆఫీసులో కూర్చుని బస్తీకి ఏం కావాలో రాయడం కాదు, బస్తీవాళ్ళనే అడగాలి అన్నది అందులోని ఆలోచన. కార్యకర్తలు బస్తీల్లో తిరిగారు. బస్తీ కమిటీలు ఏర్పడ్డాయి. మహిళా మండళ్ళు, బాలవాడీలు, కుట్టు నేర్పే తరగతులు వచ్చాయి. తర్వాత యూనిసెఫ్ సాయం చేసింది. 1980లలో బ్రిటన్ ప్రభుత్వం డబ్బుతో బస్తీల్లో రోడ్లు, మోరీలు, నల్లాలు వేశారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, డబ్బు ఎవరిదైనా పని ఎక్కడ జరగాలో చెప్పడానికి బస్తీలో పదిమంది కూర్చోవాలి. ముందు మోరీనా, ముందు నల్లానా? ఇది బయటివాళ్ళకు తెలియదు. మనకే తెలుసు.

సంఘం పెట్టుకోవడానికి ఎవరి దయా అక్కర్లేదు. మన రాజ్యాంగంలో 19వ అధికరణం ఉంది. దేశ పౌరులందరికీ సంఘాలు పెట్టుకునే హక్కు ఉందని అందులో రాసి ఉంది.

పొదుపు సంఘం మీలో చాలామందికి తెలుసు. పది పన్నెండు మంది కూర్చుంటారు. పొదుపు కడతారు. అప్పు తీసుకుంటారు. పుస్తకం రాస్తారు. బస్తీ సంఘంలోనూ మీటింగు, పుస్తకం, లెక్క ఉంటాయి. కానీ ఒక తేడా ఉంది. పొదుపు సంఘంలో నచ్చినవాళ్ళే చేరతారు. బస్తీ సంఘంలో మనకు పడనివాళ్ళు కూడా ఉంటారు. అందుకే ఇక్కడ నియమాలు ఇంకా గట్టిగా రాసుకోవాలి. అవి కూడా అందరూ మంచిగా ఉన్నప్పుడే రాసుకోవాలి. కొట్లాట మొదలయ్యాక రాసే నియమం ఎవరో ఒకరి మీద రాసినట్టే ఉంటుంది.

సభ్యులు ఎవరు?

మొదటి ప్రశ్న ఇది. అందరూ తొందరగా దాటేసే ప్రశ్న కూడా ఇదే.

చాలా సంఘాల్లో "ఇంటికి ఒక ఓటు" అని రాస్తారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఇంటికి ఒక ఓటు అంటే ఆ ఓటు ఎవరు వేస్తారు? ఇంటి యజమాని. అంటే మగాయన. నీళ్ళు పట్టేది ఎవరు? మోరీ వాసన రోజంతా పీల్చేది ఎవరు? కాబట్టి నా మాట వినండి. "ఇంటికి ఒక ఓటు" కాదు, "18 ఏళ్ళు నిండిన మనిషికి ఒక ఓటు" అని రాయించండి. చందా మాత్రం ఇంటి లెక్కన పెట్టుకోవచ్చు.

రెండోది కిరాయిదారుల సంగతి. మన బస్తీల్లో కిరాయికి ఉండేవాళ్ళు చాలామంది. "వాళ్ళు ఈ రోజు ఉంటారు, రేపు పోతారు. వాళ్ళకు ఓటెందుకు?" అని ఓనర్లు అంటారు. నీళ్ళు రాకపోతే కిరాయిదారుకు దాహం వెయ్యదా? ఆరు నెలలు బస్తీలో ఉన్నవాళ్ళు ఎవరైనా సభ్యులు కావచ్చని రాసుకుంటే తగువు తీరుతుంది. మూడు నెలలని కూడా రాసుకోవచ్చు. అది మీ ఇష్టం. కానీ ఏదో ఒకటి రాసి ఉండాలి.

కులం, మతం చూసి సభ్యత్వం ఇవ్వడం, ఇవ్వకపోవడం ఉండకూడదు. బోరింగు దగ్గర, నల్లా దగ్గర అంటరానితనం పాటించి ఎవరినైనా ఆపితే అది 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం ప్రకారం నేరం. సంఘం తీర్మానం చేసినా సరే, అది నేరమే. చట్టం కంటే సంఘం పెద్దది కాదు.

సభ్యుల పేర్లకు ఒక రిజిస్టరు పెట్టండి. పేరు, ఇంటి నంబరు, చేరిన తేదీ, సంతకం. మీ పేరు మీరే చదువుకుని చూడండి. "ఫలానా ఆయన భార్య" అని కాకుండా మీ పేరే రాసి ఉందా?

మీటింగు

సభ్యులందరూ కూర్చునే మీటింగును సర్వసభ్య సమావేశం అంటారు. సంఘంలో అన్నిటికన్నా పెద్దది ఇదే. అధ్యక్షుడు దీని కంటే చిన్న. కమిటీ దీని కంటే చిన్న. సంవత్సరానికి ఒక్కసారైనా ఇది జరగాలి. మూడు నెలలకు ఒకసారి జరిగితే ఇంకా మంచిది.

మీటింగు ఎప్పుడు, ఎక్కడ, దేని గురించి అన్నది ముందే చెప్పాలి. వారం ముందు నోటీసు పెట్టాలని రాసుకోండి. నోటీసు ఎక్కడ అంటించాలో కూడా రాయండి. కిరాణా కొట్టు గోడ మీదా? అంగన్‌వాడీ దగ్గరా? "వాట్సాప్‌లో పెట్టాం కదా" అంటే చాలదు. ఫోను ఇంట్లో ఒక్కటే ఉంటుంది. అది మగాయన జేబులో ఉంటుంది.

టైము చూసుకోవాలి. పొద్దున ఆరు గంటలకు పనికి పోయే ఆడవాళ్ళున్న బస్తీలో పొద్దున మీటింగు పెడితే ఎవరొస్తారు? రాత్రి పది గంటలకు పెడితే ఎవరొస్తారు? పిలిచాం, వాళ్ళే రాలేదు అంటారు. మీకు వీలైన టైము నియమాల్లోనే రాయించండి. ఆదివారం సాయంత్రం చాలామందికి కుదురుతుంది.

ఇక కోరం. మీటింగు చెల్లాలంటే కనీసం ఎంతమంది ఉండాలో ఆ లెక్కనే కోరం అంటారు. ఒక బస్తీలో 60 ఇళ్ళు, 110 మంది సభ్యులు ఉన్నారనుకుందాం. మూడో వంతు కోరం అని రాసుకుంటే 37 మంది రావాలి. పదిమంది కూర్చుని చేసిన తీర్మానం అప్పుడు చెల్లదు. ఆ 37 మందిలో కనీసం సగం ఆడవాళ్ళు ఉండాలని కూడా రాసుకోవచ్చు. అట్లా రాస్తే మగవాళ్ళే ఇంటికి పోయి ఆడవాళ్ళను పిలుచుకొస్తారు! లేకపోతే మీటింగు జరగదు కదా.

మినిట్సు పుస్తకం

మీటింగులో ఏం అనుకున్నారో రాసే పుస్తకాన్ని మినిట్సు పుస్తకం అంటారు. ఒక మీటింగు ఎట్లా రాయాలో చూడండి.

"ఈ నెల 14వ తేదీ, ఆదివారం, సాయంత్రం 5 గంటలకు అంగన్‌వాడీ ముందర సర్వసభ్య సమావేశం జరిగింది. మొత్తం సభ్యులు 110. వచ్చినవారు 45. కోరం సరిపోయింది. మూడో గల్లీలో మోరీ బాగు చెయ్యమని మున్సిపల్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలని తీర్మానించారు. ఒప్పుకున్నవారు 38. వద్దన్నవారు 5. ఏమీ చెప్పనివారు 2. దరఖాస్తు ఇచ్చే బాధ్యత కార్యదర్శిది. 20వ తేదీ లోపల ఇవ్వాలి."

చిన్నగానే ఉంది. కానీ ఇందులో అన్నీ ఉన్నాయి. ఎవరు చెయ్యాలో ఉంది. ఎప్పటిలోపల చెయ్యాలో ఉంది. వద్దన్న ఐదుగురి లెక్క కూడా ఉంది. కొన్ని పుస్తకాల్లో ప్రతిదీ "అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు" అని రాస్తారు. నిజంగా అందరూ ఒప్పుకుంటే మంచిదే. మీరు వద్దని లేచి చెప్పినా అట్లా రాస్తే ఒప్పుకోవద్దు.

రాసింది అక్కడే, అప్పుడే గట్టిగా చదివి వినిపించాలి. తర్వాత సంతకాలు. ముందు సంతకాలు తీసుకుని ఇంటికి పోయి రాయడం చాలాచోట్ల ఉంది. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. రాసినదానికీ సంతకాలకూ మధ్య ఖాళీ జాగా ఉంటే అడ్డంగా గీత కొట్టమనండి. చదవడం రానివాళ్ళు వేలిముద్ర వేస్తుంటే, ఆ కాగితంలో ఏముందో పక్కనున్న మీరు చదివి చెప్పండి. నిన్నటిదాకా మీకూ ఎవరో ఒకరు చదివి చెప్పాల్సి వచ్చింది కదా.

పైసల సంగతి

సంఘాలు పగిలేది ఎక్కువగా ఇక్కడే.

60 ఇళ్ళు నెలకు 20 రూపాయల చొప్పున కడితే 1,200 రూపాయలు వస్తాయి. సంవత్సరానికి 14,400. చిన్న మొత్తం కాదు. పైసలు ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. రసీదు మీద నంబరు ఉండాలి. సగం మనకు, సగం పుస్తకంలో ఉండాలి.

ఇప్పుడు చాలామంది ఫోన్‌పేలో కడుతున్నారు. ఎవరి నంబరుకు కడుతున్నారో చూడండి. కోశాధికారి సొంత నంబరుకు పోతే ఆ పైసలు ఆమె ఇంటి పైసలతో కలిసిపోతాయి. ఆమె ఎంత మంచి మనిషైనా సరే, రేపు లెక్క చెప్పడం కష్టమవుతుంది. సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా తెరవాలి. ఇద్దరు సంతకం చేస్తేనే పైసలు బయటికి రావాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. ఇది అనుమానపడటం కాదు. ఇద్దరి చేతిలో ఉన్న తాళం ఇద్దరినీ నింద నుంచి కాపాడుతుంది.

నెలకొకసారి లెక్క రాసి గోడకు అంటించాలి. ఇట్లా:

జమ: చందా 1,200.
ఖర్చు: బోరింగు రిపేరు 700. గల్లీ బల్బులు 180. రిజిస్టరు పుస్తకం 60. మొత్తం 940.
నిల్వ: 260.

కూడి చూడండి. తీసి చూడండి. సరిపోయిందా? అయితే మీరు ఆడిట్ చేసినట్టే. సంవత్సరానికి ఒకసారి బయటి ఆడిటరుతో కూడా చేయించాలి.

ఖర్చు గురించి ఇంకో మాట. మ్యాన్‌హోల్ నిండితే ఎవరినో పిలిచి, కూలి ఇచ్చి లోపలికి దింపే పని సంఘం ఎన్నడూ చెయ్యొద్దు. రక్షణ సామాన్లు లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. లోపల విషవాయువుతో మనుషులు చనిపోతున్నారు. అది జలమండలికి దరఖాస్తు ఇచ్చి, యంత్రం తెప్పించి చేయించాల్సిన పని.

కమిటీ

రోజువారీ పని చూడటానికి కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి, ఇంకా కొందరు సభ్యులు. తొమ్మిది మంది కమిటీలో ఐదుగురు ఆడవాళ్ళు ఉండేటట్టు రాసుకోండి. "కమిటీలో మహిళలు ఉంటారు" అని ఊరికే రాస్తే ఒక్కరినే తీసుకుని ఊరుకుంటారు. అంకె రాయాలి. ప్రతి గల్లీ నుంచి ఒకరు ఉండాలి.

ఎన్నేళ్ళు? రెండేళ్ళు చాలు. తర్వాత మళ్ళీ ఎన్నిక. ఒకే మనిషి వరుసగా రెండుసార్ల కంటే ఎక్కువ అదే పదవిలో ఉండకూడదని రాసుకోవచ్చు. కమిటీ సరిగా పని చెయ్యకపోతే? రెండేళ్ళు ఆగాలా? అక్కర్లేదు. ఐదో వంతు సభ్యులు, అంటే 110 మందిలో 22 మంది, సంతకాలు చేసి అడిగితే 15 రోజుల్లో ప్రత్యేక సమావేశం పెట్టాలని రాసుకోండి. ఈ నియమాన్ని రోజూ వాడరు. కానీ ఉన్నదని తెలిస్తే కమిటీ జాగ్రత్తగా ఉంటుంది.

రిజిస్ట్రేషన్

ఇప్పటిదాకా చెప్పిన నియమాలన్నీ ఒక కాగితంలో రాస్తారు. దాన్ని బైలాలు అంటారు. సంఘం పేరు, చిరునామా, ఉద్దేశాలు, కమిటీ వివరాలు రాసిన ఇంకో కాగితం ఉంటుంది. దాన్ని మెమొరాండం అంటారు. ఈ రెండూ జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో ఇచ్చి ఫీజు కడితే సంఘం రిజిస్టరు అవుతుంది. ఎంతమంది కావాలి? కనీసం ఏడుగురు.

దీనికి ఒక చట్టం ఉంది. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ కొనసాగింది. అంతకు ముందు మన తెలంగాణలో నిజాం కాలపు చట్టమే ఉండేది. 1350 ఫస్లీ అని దాని పేరులోనే ఉండేది. 2001లో అది పోయి ఇది వచ్చింది.

రిజిస్టరు చేయడంతో పని అయిపోదు. సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లో కమిటీ పేర్ల జాబితా రిజిస్ట్రారుకు పంపాలి. ప్రతి సంవత్సరం పంపాలి. చాలా సంఘాలు మొదటి సంవత్సరం పంపి మరిచిపోతాయి. ఆ తర్వాత తగువు వచ్చినప్పుడు అసలు కమిటీ ఏది అన్నది తేలదు. పాత కమిటీ మేమే అంటుంది, కొత్త కమిటీ మేమే అంటుంది.

ఆఫీసులకు ఇచ్చే ప్రతి దరఖాస్తు నకలు మీద ముద్ర వేయించుకుని ఫైలులో పెట్టండి. ఆఫీసులు మారుతుంటాయి. శేరిలింగంపల్లి ఒకప్పుడు వేరే మున్సిపాలిటీ. 2007 ఏప్రిల్ 16న మహానగర పాలక సంస్థలో కలిసింది. ఆఫీసు మారినా, ఆఫీసరు మారినా మన నకలు మారదు. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఫీజు 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువ ఉన్నవాళ్ళకు ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈ దరఖాస్తు సంఘం పేరుతో కాకుండా ఒక మనిషి పేరుతో ఇవ్వండి. ఎందుకంటే ఆ చట్టం పౌరులకు ఇచ్చిన హక్కు అది.

అపార్ట్‌మెంట్ల సంఘాలు

మీరు పనికి పోయే అపార్ట్‌మెంట్లలోనూ సంఘాలు ఉంటాయి. గేటు దగ్గర కార్డు చూపించమనేది, ఏ లిఫ్టు ఎక్కాలో చెప్పేది ఆ సంఘమే. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం, కొత్తగా కట్టే ఇళ్ళలో కొనుక్కున్నవాళ్ళ సంఘం ఏర్పడేటట్టు బిల్డరు చూడాలి. ఎక్కువ ఇళ్ళు బుక్ అయిన మూడు నెలల్లో అది జరగాలి. అందుకే అక్కడ సంఘం తొందరగా ఏర్పడుతుంది. ఆ సంఘంలో మీరు సభ్యులు కారు. ఓటు లేదు. కానీ లిఫ్టు పక్కన అంటించిన నోటీసు ఇప్పుడు మీరూ చదవవచ్చు. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో కూడా రాయమని అడగండి. నియమం మన మీద పెట్టినప్పుడు అది మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి కదా.

తగువు వస్తే

ముందు సర్వసభ్య సమావేశంలోనే తేల్చుకోవాలి. అక్కడ తేలకపోతే చట్టం రెండు దారులు చూపింది. ఒకటి మధ్యవర్తి దగ్గర తీర్పు. రెండోది జిల్లా కోర్టు. ఏ సభ్యురాలైనా పోవచ్చు, కమిటీలో ఉండాల్సిన పని లేదు. అయితే అక్కడ అడిగేది కాగితాలే. సభ్యుల రిజిస్టరు, మినిట్సు పుస్తకం, రసీదు పుస్తకం. ఈ మూడూ ఒకే ఇంట్లో పెట్టొద్దు. ఒకటి కార్యదర్శి దగ్గర, ఒకటి కోశాధికారి దగ్గర, ఒకటి అధ్యక్షురాలి దగ్గర ఉంటే మంచిది. ఏ సభ్యురాలు అడిగినా చూపించాలి. ఫలానా రోజు, ఫలానా టైము అని బైలాల్లో రాసుకుంటే అడిగేవాళ్ళకు మొహమాటం ఉండదు.

ఏదో కారణంతో సంఘం మూసెయ్యాల్సి వచ్చిందనుకోండి. దానికి ఐదింట మూడు వంతుల సభ్యులు ఒప్పుకోవాలి. 110 మందిలో 66 మంది. బాకీలన్నీ తీర్చాక కొన్ని పైసలు, నాలుగు కుర్చీలు, ఒక చాప మిగిలితే సభ్యులు పంచుకోకూడదు. ఇట్లాంటి పనే చేసే ఇంకో సంఘానికి ఇచ్చెయ్యాలి.